ఆరు బొత్తాలు, ఒక సెకండ్‌హ్యాండ్ మౌంటు

కళ్ళద్దాల దుకాణం, వెనక గది
సెప్టెంబరు 9

బాబాయ్,

ఎలా ఉన్నావు? నేను ఎప్పుడు ఫోన్ చేసినా పిన్నే ఎత్తి "మీ బాబాయి షాపులో ఉన్నాడమ్మా" అంటుంది. ఆదివారం కూడా షాపేనా? పోనీలే, ఉత్తరం రాస్తే మాత్రం నాలుగు పేజీలు జవాబిస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. లెన్సులు అరగదీసే మిషను పక్కన కూర్చుని రాస్తున్నా. కాగితం మీద తెల్లటి పొడి కనిపిస్తే దులుపుకో.

నీతో ఒక పని పడింది. నా టెలిస్కోపుకి కెమెరా తగిలించి నక్షత్రాల ఫొటోలు తీయాలని ఏడాదిగా కుస్తీ పడుతున్నాను కదా. భూమి ఊరుకోదు, తిరుగుతూనే ఉంటుంది. కెమెరాని అరనిమిషం తెరిచి ఉంచితే చాలు, చుక్కలు రావాల్సిన చోట దారప్పోగులు వస్తున్నాయి. దీనికి మందు ఒక్కటే, మౌంటు. అంటే టెలిస్కోపు కింద ఉండే తిరిగే యంత్రం. లోపల మోటార్లు, గేర్లు ఉంటాయి. భూమి ఎంత వేగంతో ఇటు తిరుగుతుందో అంతే వేగంతో టెలిస్కోపుని అటు తిప్పుతుంది. అప్పుడు నక్షత్రం కదలకుండా కుదురుగా కూర్చుంటుంది.

కొత్తది కొనాలా, వాడినది కొనాలా అన్నదే ఇప్పుడు నా బుర్ర తినేస్తున్న ప్రశ్న. నేను కూడబెట్టినదానికి కొత్తదైతే చిన్నది వస్తుంది. గ్యారంటీ ఉంటుంది గానీ నా టెలిస్కోపు, కెమెరా కలిపి పెడితే నడుం వంగిపోయేటట్టుంది. అదే ధరకి వాడినదైతే పెద్దది, బలమైనది దొరుకుతోంది. కాకపోతే దాని కడుపులో ఏముందో దేవుడికే తెలియాలి. మా ఓనరు "కొత్తది కొనుక్కో, గుండె మీద చెయ్యేసుకుని పడుకో" అంటున్నాడు.

ఆ వాడిన మౌంటు మీ ఊళ్ళోనే ఉంది. ఒక పళ్ళ డాక్టరుగారిది. ఇల్లు మారుతున్నారట, కొత్త ఇంటికి డాబా లేదట. ఒక్కసారి వెళ్ళి దాన్ని తిప్పించి విని రావూ? పక్క వీధిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతుంటే నీ స్టూలు మీంచి లేవకుండానే బాబిను కేసు అరిగిందని చెప్పినవాడివి. నీ చెవి సరేనంటే కొంటాను, కాదంటే కొత్తదే తెప్పించుకుంటాను. కొన్నాక తిరిగిచ్చే వీలు లేదు. మళ్ళీ కొనాలంటే ఇంకో రెండేళ్ళు ఆగాలి.

ఈ చలికాలంలో కృత్తికల ఫొటో తీసి మొదటి కాపీ నీకే పంపాలని నా ఆశ. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

నీ బొత్తాం


కుట్టుమిషన్ల షాపు
సెప్టెంబరు 18

ఏమే బొత్తాం,

ఫోను మాట ఎత్తకు. అందులో గురగుర తప్ప ఏముంది? మనిషి మాట్లాడుతున్నాడో, పాత్రలు తోముతున్నాడో తెలియదు. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు. అమ్మాయిల మాటలు రెండోసారి చదివితేనే అర్థమవుతాయని మీ పిన్నిని చూశాక తెలుసుకున్నాను. (పక్కన నిలబడి తనూ ఒక మాట రాస్తానంటోంది. నేను రాయనివ్వడం లేదు.)

నిన్న వెళ్ళి నీ మౌంటుని చూశాను. మీ పిన్ని తోడొస్తానంది గానీ, పెళ్ళిచూపులకా ఏమిటని వద్దన్నాను. డాక్టరు మనిషి మంచివాడే, కాకపోతే వాగుడుకాయ. పళ్ళు పీకేటప్పుడు రోగులు మాట్లాడలేరు కదా, ఆ అలవాటు కాబోలు. అన్నింటికీ తలూపాను.

ముందు మరమేకుల తలలు చూశాను. ఒక్కదాని గాడీ చెదరలేదు. అంటే తెలిసీ తెలియనివాడెవడూ దాన్ని విప్పి కెలకలేదు. రంగు రెండుచోట్ల లేచింది, దానికేం. ఇరుసు పట్టుకుని ఊపాను, వెంట్రుకవాసి కూడా ఊగలేదు. పోత ఇనుము బరువు చేతికి తెలుస్తూనే ఉంది. ఇక చప్పుడంటావా, చప్పుడే లేదు! మోటారు వేసి గిర్రున తిప్పి చూపించాడు. పిల్లి నడిచినట్టు తిరిగింది. పక్కన పసిపిల్ల పడుకుని ఉన్నా లేవదు.

కొత్తదా పాతదా అన్నావు. కొత్త మిషను కొత్త కోడలి లాంటిది, ఆరు నెలల దాకా అసలు గుణం తెలియదు. పాతదాని గుణం చేతికి దొరుకుతుంది. నా మాట విని దీన్నే తీసుకో. మీ ఓనరు అద్దాలమ్ముకునేవాడు, గేర్ల సంగతి వాడికేం తెలుసు?

మీ బాబాయి


మా డాబా మీది గది
అక్టోబరు 14

బాబాయ్,

కొంప మునిగింది.

మౌంటు మొన్న చేరింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. సాయంత్రం నాలుగింటికి స్టాండు మీద బిగించి స్విచ్చి వేశాను. అది ఒక్కసారి కీచుమని ఎత్తుకుంది చూడూ! రోట్లో రాళ్ళు వేసి రుబ్బినట్టు, దాని మీద ఈల వేసినట్టు. కింది వాటా ఆవిడ చేతిలో గరిటెతో సహా పైకొచ్చి "ఏమైందమ్మా, ట్యాంకు పగిలిందా?" అంది. ఎదురింటి కుక్క ఇప్పటికీ మా డాబా వంక అనుమానంగా చూస్తోంది.

కోపం పట్టలేక ఆ పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను. ఆయనేమో చల్లగా, "అది మొదటినుంచీ అంతేనమ్మా, వేగంగా తిప్పితే అరుస్తుంది. మా ఆవిడ దాన్ని ఇంట్లోంచి పంపించమన్నదే అందుకు. మీ బాబాయిగారికి మూడుసార్లు చెప్పాను, తలూపారు" అంటాడు. ఎంత అబద్ధాలకోరు! నువ్వు చూసినప్పుడు మెత్తగా తిరిగినదాన్ని తరవాత ఏదో చేసి, ఇప్పుడు నీ మీదికి తోస్తున్నాడు.

చప్పుడొక్కటే అయితే దూది పెట్టుకుని భరిద్దును. ఫొటోలో కూడా తేడా ఉంది. ఏడు నిమిషాలు నక్షత్రం గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. ఎనిమిదో నిమిషంలో ఒక కుదుపు. చుక్కకి తోక మొలుస్తుంది. మళ్ళీ ఎనిమిది నిమిషాలకి ఇంకో తోక. తల ప్రాణం తోకకొచ్చిందంటే ఇదే కాబోలు.

నువ్వు ఒక్కసారి వెళ్ళి ఆయన్ని నిలదీయి. నీ ముందు ఆ మాట అనమను చూద్దాం.

నీ బొత్తాం


షాపు
అక్టోబరు 22

అమ్మాయికి,

ఉత్తరం అందింది. నేను చూసినప్పుడు యంత్రం బాగానే ఉంది. దారిలో లారీవాళ్ళు పడేసి ఉంటారు. డాక్టరు దగ్గరికి నేను వెళ్ళను. ఎవరినో నిలదీసే తీరిక నాకు లేదు. అంత అనుమానం ఉన్నదానివి మీ ఓనరు చెప్పినట్టు కొత్తదే కొనుక్కోవలసింది. నన్నెందుకు అడిగావు?

పని ఉంది. ఉంటాను.

బాబాయి

(కవరు లోపలి అంచున, వేరే చేతిరాతతో: ఆ కోపం నీ మీద కాదమ్మా. పిన్ని)


డాబా మీది గది
నవంబరు 3

బాబాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. నువ్వు నన్ను "అమ్మాయికి" అని ఎప్పుడూ రాయలేదు. రెండోసారి కోపమొచ్చింది. మూడోసారి పిన్ని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. నాలుగోసారి నీ సెప్టెంబరు ఉత్తరాన్ని కూడా పక్కన పెట్టుకుని చదివాను.

మరమేకుల తలల గురించి రాశావు, రంగు గురించి రాశావు, ఇరుసు గురించి రాశావు. అన్నీ అక్షరాలా నిజం. ఒక్క చప్పుడు దగ్గరే "చప్పుడే లేదు" అని తేల్చేశావు. మోటారున్న ఏ మిషనైనా ఎంతో కొంత మాట్లాడుతుందనీ, అసలు మాట్లాడని మిషను ఆగిపోయిన మిషననీ నాకు నేర్పింది నువ్వే.

అప్పుడు నాకు బొత్తాలు గుర్తొచ్చాయి.

నాకు ఎనిమిదేళ్ళు. డాబా మీద నీ పక్కన పడుకుంటే కృత్తికలు చూపించి, "ఎన్ని కనిపిస్తున్నాయే?" అన్నావు. నేను ఠక్కున "ఆరు" అన్నాను. అందరూ ఆరంటారు కదా! మర్నాడు పొద్దున షాపులో బొత్తాల డబ్బా నా ముందు బోర్లించి, "రాత్రి నువ్వు చూసిన ఆరూ ఎలా ఉన్నాయో పేర్చి చూపించు" అన్నావు. నేను ఆరు బొత్తాల్నీ ఒకే వరసలో, చొక్కాకి కుట్టినట్టు పేర్చాను. నువ్వు నవ్వలేదు. బళ్ళో బోర్డు మీది లెక్కలు కనిపించక పక్కపిల్ల పుస్తకంలోంచి ఎక్కించుకుంటున్నానని అప్పటిదాకా అమ్మకి కూడా తెలియదు. షాపు మూసేసి, నా చెయ్యి పట్టుకుని అద్దాల దుకాణానికి తీసుకెళ్ళావు. దారిలో ఒక్క మాటే అన్నావు. "కనబడకపోవడం తప్పు కాదే. ఆరు అన్నావు చూడూ, అదే తప్పు."

నీ "చప్పుడే లేదు" కూడా నా బొత్తాల వరసే కదా బాబాయ్? ఎన్నాళ్ళయింది నీకు వినబడక?

డాక్టరుగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. పాపం, చాలా మంచాయన. నీ మీద నాకు కోపం లేదు. అబద్ధమెందుకు, కొంచెం ఉంది. మౌంటు గురించి కాదు, నాకు చెప్పనందుకు.

ఆ యంత్రం తలని విప్పి పార్శిల్లో పంపిస్తున్నాను. ఎనిమిది నిమిషాలకోసారి ఎందుకు కుదుపుతోందో నువ్వే చూడాలి. నీ చెవి కోసం కాదు, నీ చేతుల కోసం పంపుతున్నాను. కవరులో ఆరు బొత్తాలు కూడా పెట్టాను.

నీ బొత్తాం


దుకాణం
నవంబరు 26

బాబాయ్,

పార్శిలు చేరిందని పిన్ని చెప్పింది. నువ్వు దాన్ని బల్లకింద పెట్టి, మీద గోనెపట్టా కప్పావని కూడా చెప్పింది. నాకు తొందరేం లేదు. కృత్తికలు ఫిబ్రవరి దాకా ఉంటాయి.

బొత్తాం


షాపు
డిసెంబరు 11

బొత్తాం,

రెండేళ్ళు దాటింది.

ముందు పిచ్చుకలు పోయాయి. ఊళ్ళో పిచ్చుకలు తగ్గిపోయాయనుకున్నాను. తరవాత గడియారం. సెల్లు అయిపోయిందనుకుని రెండుసార్లు మార్చాను. ఆ తరవాత షాపుకొచ్చేవాళ్ళంతా గొణుగుతున్నారనిపించింది. మీ పిన్నిని కౌంటరు దగ్గర కూర్చోబెట్టాను. వాళ్ళు చెప్పింది ఆవిడ చీటీ మీద రాసి నా ముందు పెట్టేది. ఎవరైనా అడిగితే మా ఆయనకి పనే లోకమని సర్దిచెప్పేది. ఎవరితోనూ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నీ దగ్గర కూడా ఆ ఒట్టు నిలబెట్టిందని తెలిశాక ఆవిడ ముఖం చూడలేకపోయాను.

నేను చెవి మీద బతికినవాణ్ణి. మిషనుని విప్పకుండా జబ్బు చెప్పడమే నా గొప్ప. "నీ చెవి సరేనంటే కొంటాను" అని నువ్వు రాసినప్పుడు, వినబడటం లేదే అని రాయడానికే కలం పట్టుకున్నాను. చెయ్యి రాలేదు. ఈ లోకంలో నా చెవిని ఇంకా నమ్మేది నువ్వొక్కదానివే. అది కూడా పోతే ఇంకేం మిగులుతుందనిపించింది. ఆ పిచ్చితో నీ రెండేళ్ళ కష్టాన్ని కళ్ళు మూసుకుని పందెం కాశాను. ఆపైన నీ మీదే అరిచాను. నన్ను క్షమించవే తల్లీ.

ఇక అసలు సంగతి విను. పోయిన సోమవారం గోనెపట్టా తీశాను. నీ కోసమనేం కాదు, కాలికి అడ్డం తగులుతోందని. మూత విప్పాను. లోపల ఒక పెద్ద ఇత్తడి చక్రం, దాని అంచుని కరుచుకుని మరమేకులా చుట్లు తిరిగిన సన్నటి కడ్డీ ఉన్నాయి. చక్రం పళ్ళు లెక్కపెట్టి చూస్తే, ఆ కడ్డీ ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా ఎనిమిది నిమిషాలు. నీ తోక అక్కడిదేనని అప్పుడే అర్థమైంది. ఎడంచేత్తో యంత్రం ఒంటిని పట్టుకుని, కుడిచేత్తో కడ్డీని మెల్లగా తిప్పుతున్నాను. రెండు చేతులూ ఖాళీ లేక స్క్రూడ్రైవరుని పళ్ళ మధ్య కరుచుకున్నాను. ఇంకాస్త దగ్గరగా చూద్దామని వంగితే దాని కొన పోయి యంత్రానికి ఆనింది.

వినబడిందే, బొత్తాం!

చెవిలో కాదు, తలలో వినబడింది. ముందు సన్నగా గరగర, తరవాత "టక్". మళ్ళీ గరగర, మళ్ళీ చుట్టు తిరిగేసరికి "టక్". కొన తీస్తే నిశ్శబ్దం, ఆనిస్తే చప్పుడు. ముప్పై సార్లు చేసి ఉంటాను. మీ పిన్ని లోపలికొచ్చి, నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని ఏడుస్తున్న మొగుణ్ణి చూసి హడలిపోయింది.

ఆ "టక్" ఎక్కడో పట్టుకుని అక్కడ ఆపాను. కడ్డీ గాడిలో వెంట్రుకంత ఇత్తడి పెచ్చు ఇరుక్కుని ఉంది. పదహారో నంబరు కుట్టుమిషను సూదితో లాగేశాను. గట్టిపడిన పాత గ్రీజంతా కడిగి కొత్తది రాశాను. అరుపు మాత్రం పోదు, అది దాని మోటారు గొంతు. డాక్టరు చెప్పింది నిజమే. నేనూ వెళ్ళి ఆయనకి ఆ మాట చెప్పాలి.

రేపు పార్శిలు పంపుతున్నాను. ఇంకోటి చెప్తా విను. దాని మీద టెలిస్కోపు పెట్టాక, సాక్షాత్తూ తక్కెడలా బరువు సమానంగా తూచి పెడుతున్నావు కదూ? అలా పెట్టకు. తూర్పువైపు ఒక పిసరు బరువు ఎక్కువ ఉంచు. మరీ సమానంగా ఉంటే గేరు పళ్ళు ఆనుకోవడానికి ఏమీ లేక అటూ ఇటూ కొట్టుకుంటాయి. కొంచెం భారం మీదపడితేనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

ఆ ఆరు బొత్తాలూ నా బల్ల సొరుగులో ఉన్నాయి.

మీ బాబాయి


దుకాణం
డిసెంబరు 20

బాబాయ్,

నీ ఉత్తరాన్ని లెన్సు మిషను పక్కన చదివాను. అద్దాలు తుడుచుకోవడానికి నాకు బట్ట కరువు లేదు కాబట్టి సరిపోయింది.

మా దుకాణం పైన ఒక చెవి డాక్టరమ్మ కూర్చుంటుంది. స్క్రూడ్రైవరు సంగతి ఆమెకి చెప్పాను. కుర్చీలోంచి లేచి నిలబడింది. "పళ్ళ గుండా వినబడిందంటే లోపలి నరం చాలావరకు బాగున్నట్టే. దారిలోనే ఎక్కడో అడ్డం పడి ఉంటుంది. ఇన్నాళ్ళూ పరీక్ష చేయించుకోకుండా ఏం చేశారాయన?" అని నన్ను తిట్టింది. నీ తిట్లు నేను తిన్నాను. బాకీ గుర్తుంచుకో.

మీ ఊళ్ళో తనకి తెలిసిన ఒక డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చింది. ఈ కవరులో పెట్టాను. నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్నే గానీ, వారం రోజులు సెలవు దొరకదు. పిన్నిని తీసుకెళ్ళు. పెళ్ళిచూపులకేం కాదు.

వినబడకపోవడం తప్పు కాదు బాబాయ్.

నీ బొత్తాం


షాపు
జనవరి 8

బొత్తాం,

వెళ్ళాను.

ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి డిప్పలు తగిలించారు. చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. అద్దం అవతల కూర్చున్న అమ్మాయి వేలు కనిపిస్తూనే ఉంది. ఆ వేలు మీట నొక్కినప్పుడల్లా చెయ్యెత్తితే చాలు, నా చెవులు భేషని రాసిచ్చేస్తారు. ఒకసారి చెయ్యి సగం లేచింది కూడా.

దించేసి, కళ్ళు మూసుకున్నాను. ఆ తరవాత చాలాసేపు చెయ్యెత్తే అవసరం రాలేదు. ఆ గదిలో అలా ఊరికే కూర్చోవడం నా జన్మలో చేసిన అన్ని పనులకంటే కష్టమనిపించింది. తరవాత డిప్పలు తీసేసి, చెవి వెనక ఎముకకి చిన్న బిళ్ళ ఒకటి ఆనించారు. అప్పుడు ఎత్తాను. మళ్ళీ ఎత్తాను. ఆ అమ్మాయి నవ్వి ఇక చాలు తాతగారూ అన్నట్టుంది. తాతగారట! అది మాత్రం వినబడకపోయినా బాగుండేది.

అలాంటి బిళ్ళే ఒకటి తయారుచేసి ఇస్తారట. నెలలోపు వస్తుందన్నారు. మీ పిన్నిని ఒట్టునుంచి విడిపించాను. ఆ సాయంత్రమే వీధి వీధంతా చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. పైగా, టైలరు వచ్చి మాకెప్పుడో తెలుసులెమ్మన్నాడు. వీళ్ళందరి ముందూ రెండేళ్ళు అంత నటించానే!

బాబాయి


డాబా మీది గది
జనవరి 29

బాబాయ్,

ఇదిగో, మొదటి కాపీ.

తూర్పుకి ఒక పిసరు బరువు ఉంచాను. గంటన్నరసేపు ఒక్క తోక కూడా మొలవలేదు. కింది వాటా ఆవిడ కంప్యూటరులో ఫొటో చూసి, ఇక దాని అరుపుని భరిస్తానని మాటిచ్చింది. ఇంకో కాపీ అడిగింది కూడా. మా ఓనరు దీన్ని దుకాణంలో అద్దాల బీరువా పైన తగిలిస్తానన్నాడు. "కొత్తది కొనమన్నది నీ మంచికేలే" అని నసిగాడు.

ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు.

నీ బొత్తాం


షాపు
ఫిబ్రవరి 7

బొత్తాం,

నీ ఫొటోని బల్ల మీద పరిచి, బొత్తాల డబ్బా బోర్లించాను. నువ్వు పంపిన ఆరూ నడుమ పెట్టాను. ఈసారి వరసలో కాదు, ఫొటోలో ఎలా ఉన్నాయో అలాగే. తరవాత మిగతావి పేర్చడం మొదలెట్టాను. డెబ్బై దాకా వచ్చేసరికి బల్ల చాలలేదు. మీ పిన్ని నేలమీద చాప పరిచింది. ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ పేర్చాం. చొక్కా గుండీలు, కోటు బొత్తాలు, చివరికి ప్రెస్ బటన్లు కూడా అయిపోయాయి గానీ నీ చుక్కలు అయిపోలేదు. బేరానికొచ్చినావిడ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

బిళ్ళ వచ్చింది, నిన్న పెట్టారు. దానికి స్క్రూడ్రైవరని పేరు పెట్టాను. షాపు తలుపు కిర్రుమంటోంది, రెండేళ్ళ నుంచీ నూనె వేయలేదు. గడియారం శుభ్రంగా నడుస్తోంది. మీ పిన్ని గొంతు కొంచెం ముసలిదైందే. నేను లేనప్పుడు అయింది. ఆ మాట ఆవిడతో అంటే తిట్టింది. ఆ తిట్టు మొత్తం, ఒక్క అక్షరం పోకుండా వినబడింది.

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చెయ్యి. నేనే ఎత్తుతాను.

మీ బాబాయి